నాలుగో అంతస్తు బటన్

ఆ భవనంలో నాలుగో అంతస్తు లిఫ్టు దగ్గర రాత్రి పదకొండు దాటాక ఎవరూ నిలబడరు. ఎవరూ పిలవకుండానే లిఫ్టు పైకి వస్తుందట. తలుపులు తెరుచుకుంటాయట. లోపల ఎవరూ ఉండరు... కాసేపాగి వాటంతటవే మూసుకుంటాయి.

రెండు నెలల క్రితం ఆ అంతస్తు పెద్దాయన ఒకాయన అదే లిఫ్టులో గుండె ఆగి పోయాడు. ఆయనే వస్తున్నాడని అందరి మాట.

ఆయన భార్య రేపు పొద్దున్నే ఇల్లు ఖాళీ చేస్తోంది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లు. సామానంతా మూటలు కట్టేసింది. ఆమె చెల్లెలికి ఇది మింగుడు పడలేదు. చెల్లెలు ఆ భవనానికి లిఫ్టు మెకానిక్. అంతా స్క్రూడ్రైవరమ్మ అంటారు. దెయ్యాల మాటెత్తితే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

"ఈ రాత్రి నేనే తేలుస్తానక్కా. పొద్దున లారీవాణ్ణి వెనక్కి పంపుదువుగాని."

అక్క లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

వాచ్‌మన్ని తోడు రమ్మంటే, "నన్ను పెట్టుకున్నది దొంగల కోసమమ్మా... దెయ్యాల కోసం కాదు," అని ముసుగుతన్నాడు.

ఆమె ఒక్కతే మెట్ల మీద కూర్చుంది. బయట సన్నగా వాన. పన్నెండు... ఒంటిగంట... కళ్ళు మూతలు పడుతున్నాయి —

కింద ఎక్కడో ఇనప తాడు బిగిసిన చప్పుడు.

లిఫ్టు తలుపు పైన అంతస్తుల అంకెలు వెలిగాయి. ఒకటి... రెండు... మూడు...

తలుపులు తెరుచుకున్నాయి. ఖాళీ. చల్లటి గాలి మొహానికి తగిలి, పక్కనుంచి అక్క ఇంటి వైపు పోయినట్టయింది.

"వానగాలి," అనుకుంది పైకే.

పైకెళ్ళి లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపి వచ్చింది. గోడమీది బటన్ పలక విప్పి, వెనకున్న బోర్డు మీద టార్చి వేసింది. చూడగానే సిగ్గేసింది.

ఆ బటన్ మార్చింది తనే. బావని తీసుకెళ్తున్నప్పుడు స్ట్రెచర్ తగిలి పాతది పగిలితే, ఆ సాయంత్రమే. కళ్ళు తుడుచుకుంటూ అతుకులు పెట్టింది గానీ, బోర్డు తుడవలేదు. అతుకు పట్టడానికి రాసిన సోల్డర్ పేస్టు గోధుమరంగు జిగురులా అలాగే ఉంది. ఎక్కువైన సీసం బొట్టొకటి రెండు అతుకుల మధ్యకి జారి, వెంట్రుకవాసి దూరంలో ఆగింది. రాత్రి చెమ్మకి ఆ జిగురు తడిస్తే చాలు, కరెంటు దాటేస్తుంది. ఎవరో బటన్ నొక్కినట్టే!

"నువ్వా మా ఇంటి దెయ్యానివి!"

బొట్టు మీద రాగితీగల అల్లిక ఆనించి సోల్డరింగ్ కడ్డీతో వేడి పెట్టింది. కరిగిన సీసాన్ని అల్లిక పీల్చేసుకుంది. జిగురుని స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో రుద్ది, గుడ్డతో అద్దింది. అన్నీ బిగించి మెయిన్ వేసింది. తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు కిందికి పోయింది.

గంటసేపు చూసింది. రాలేదు.

అక్క తలుపు తట్టింది. రెండు వేళ్ళ సందు తెరుచుకుంది.

"తప్పు నాదేనక్కా, బోర్డు తుడవలేదు. ఇంక లిఫ్టు దానంతటది రాదు. హాయిగా పడుకో."

"ఇంక... రాదా?"

"రాదంటున్నాగా!"

అక్క వెనక్కి తిరిగి చీకటి హాల్లోకి ఒకసారి చూసింది. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని, చెవిలో గుసగుసగా అంది —

"ఎంత పని చేశావే... రోజూ వచ్చి కాసేపు కూర్చునేవారు. మళ్ళీ లిఫ్టు రాగానే వెళ్ళిపోయేవారు. ఇవాళ వచ్చి గంట దాటింది... ఇప్పుడెలా వెళ్తారు?"