సొరంగంలో మూలిగే మోటారు

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, సున్నపురాయి గుట్ట కింద ఒక సొరంగం ఉంది. పగలంతా దాంట్లో బెల్టు మీద రాళ్లు పోతుంటాయి. రాత్రి గంటో రెండు గంటలో బెల్టు ఆపుతారు, అప్పుడు ఆ పక్కకు ఎవరూ పోరు. లోపల మనిషి ఉందో లేదో చూడకుండా బెల్టు వేస్తే, ఊడ్చే ఆమె ఒకామె దాని కింద పడి చచ్చిపోయిందంట. అప్పటినుంచి... ఆగిన మోటారు మూలుగుతుందని పేరు.

మా బడిలో కూతుర్ని చదివిస్తున్న భూపేష్ అక్కడ షిఫ్టు ఇన్‌ఛార్జి. ఇది ఆయన చెప్పిందే.

మొన్న చలికాలంలో ఆ మోటారుకు సెన్సార్ బిగించినారు. జ్వరమొచ్చిన పిల్లల నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాం కదా, అట్లాంటిదే. వేడి ఎంత, అదురు ఎంత అని రాత్రింబగళ్లు చూసి, ఏ భాగం చెడిపోబోతోందో ముందే ఫోనుకు చెబుతుంది. దాన్ని చూసుకునే ఇంజనీరు పేరు స్వర్ణలత.

ఒక రాత్రి, బెల్టు ఆగి ఉండగా, ఫోను మోగింది — బేరింగు పోబోతోందని.

ఆగిన మోటారుకు అదురేంది? భూపేష్, స్వర్ణలత ఇద్దరూ టార్చి పట్టుకొని సొరంగం మూతి దగ్గరికి పోయినారు. లోపల్నుంచి... సన్నగా మూలుగు.

"చూడమ్మా," అన్నాడు భూపేష్ గుసగుసగా. "నీ సెన్సార్ దెయ్యానికి గూడా పని చేస్తాంది. పా, పోదాం. బెల్టు వేసే టైమయింది. రాయి పోకుంటే మిల్లు ఆగిపోతాది."

స్వర్ణలత ఫోన్లో అదురును చూపించే గీతనే చూస్తోంది. గీత లేస్తుంది, దిగుతుంది, కొంచెం ఆగుతుంది... మళ్లీ లేస్తుంది.

"బేరింగు కాదు సార్. గురక. ఎవరో మోటారుకు ఆనుకొని పడుకున్నారు. బెల్టు వేస్తే చచ్చిపోతారు."

"దెయ్యం గురక పెట్టదా?"

"నాకు తెలీదు సార్. మనిషైతే పెడతాడు. గ్రీజు పెట్టే రెహమాన్ లోపలికి పోవడం చూసినా. బయటికి రావడం చూళ్లేదు."

లోపలికి పోదామంటే ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. ఆమె మూతి దగ్గరే నిలబడి పిలిచింది — "రెహమాన్ భాయ్!"

మూలుగు ఆగిపోయింది.

"రెహమాన్ భాయ్!"

ఫోన్లో గీత చదునైపోయింది.

"వింటివా? ఎవరూ లేరు. బెల్టు వేయమని చెప్తాండా," అని భూపేష్ ఫోను తీసినాడు. ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒక్క నిమిషం సార్... ఒక్క నిమిషం..."

లోపల అడుగుల చప్పుడు.

దుప్పటి కప్పుకొని రెహమాన్ బయటికి వచ్చినాడు.

"పిలిస్తే పలకవేమప్పా!" భూపేష్ కసిరినాడు. "బెల్టు కింద పోయుంటావు కదప్పా!"

"ఈ తావులో రాత్రిపూట రెండుసార్లు పిలిస్తే ఎవరు పలుకుతారు సార్? దెయ్యమైతే మూడోసారి పిలవదు. అందుకే ఊపిరి బిగబట్టుకొని ఉంటి. చలికి మోటారు వెచ్చగా ఉండాదని ఆనుకుంటే, కన్నంటుకుపోయింది."

చెవి రుద్దుకుంటూ స్వర్ణలత వైపు తిరిగినాడు.

"అయినా తల్లీ, ఆ మూడో పిలుపు గూడా ఈడ్నుంచే పిలిచుంటే సరిపోయేది కదా. చెవి పక్కకొచ్చి అరవాల్నా?"

స్వర్ణలత భూపేష్ చెయ్యి ఇంకా వదల్లేదు. ఆమె పిలిచింది రెండుసార్లే. సొరంగంలోకి అడుగే పెట్టలేదు.