కుడి చెయ్యి పొడుగు

మాది బట్టలు సరిచేసే దుకాణం. ప్యాంట్లు కురచ చేయడం, నడుము వదులు చేయడం, చెడిన జిప్పులు మార్చడం మా పని. కింద దుకాణం. లోపలి నుంచే మెట్లెక్కితే పైన రెండు గదులు, అక్కడ నేనూ అమ్మా ఉంటాం. ఈ పని నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చిన్నప్పుడు నా బొమ్మకి వచ్చిన గౌన్లు తిరగేసి, లోపలి కుట్లు చూసి చూసి నేర్చుకున్నాను. ఆ గౌన్లు కుట్టిన మా అమ్మ చేతి కుట్టు అంత సన్నంగా ఉంటుందని ఇరవై ఏళ్ళుగా కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చాను.

మా ఇంట్లో సెలవుల బహుమతులు కొని తెచ్చేవి కావు. ఏడాది చివర బడికి సెలవులిచ్చిన మర్నాడు లేచేసరికి కిటికీ గట్టు మీద పొట్లాలుండేవి. నాన్న చెక్కపెట్టెలు చేసే వడ్రంగి. మిగిలిన చెక్కతో మాకు పెన్సిల్ డబ్బాలు, అరచేతిలో పట్టే కుర్చీలు చేసేవాడు. అమ్మ పాత స్వెట్టర్లు విప్పి ఆ ఉన్నితో టోపీలు అల్లేది. నాకు మాత్రం ఇంకో పొట్లం ఉండేది, పాత పేపర్లో చుట్టి. అందులో బొమ్మ గౌను. నా ఐదో ఏట నుంచి పదకొండో ఏట దాకా ఏడు గౌన్లు వచ్చాయి. చెల్లికి ఒక్కటీ రాలేదు.

చెల్లి అది మర్చిపోలేదు. పెళ్ళై పిల్ల పుట్టాక కూడా ఏ మాట మొదలుపెట్టినా చివరికి అక్కడికే తెచ్చేది. అమ్మ నీకు కుట్టింది, నాకు కుట్టలేదు. ఒకసారి ఆ మాట మీదే తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళిపోయి రెండేళ్ళు ఇటు తొంగిచూడలేదు. ఈ ఏడు ఎలాగో మెత్తబడి, ఆరేళ్ళ కూతుర్ని తీసుకుని సెలవులకి వచ్చింది. ఆ పాత కొలతకే ఒక బొమ్మ గౌను కుట్టి, అమ్మ చేత పాపకి ఇప్పిస్తే ఈ గొడవ తీరిపోతుందని నా ఆశ.

కొలతలు చెప్పమని అమ్మని అడిగాను. గుర్తులేదంది. మర్నాడు అడిగితే తలనొప్పంది. మూడోసారి అడిగితే, బజారులో బోలెడు బొమ్మ బట్టలుండగా ఈ పీకులాట ఏమిటని మొహం అటు తిప్పుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఇద్దరి మధ్యా నలిగేది నేను, నోరు విప్పనిది ఆవిడ. సరే, నా తిప్పలు నేనే పడతానని అటక మీది డబ్బా దింపి, ఏడు గౌన్లూ దుకాణంలోకి తెచ్చుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు. బేరాలు లేవు. షట్టర్ దించేసి, మిషను దీపం వేసుకుని కూర్చున్నాను.

ఆ గౌన్లకి ఒక లోపం ఉంది. ఏడింటికీ కుడి చెయ్యి పొడుగు, నా బొటనవేలంత. చిన్నప్పుడు మడిచి తొడిగేదాన్ని. అమ్మ కత్తిరింపులో తప్పు, అది సరిచేసి కుడదామనుకున్నాను. రెండు చేతులూ సమానంగా కత్తిరించాను. చంక దగ్గర పట్టేసింది. విప్పాను. మెడ ఓ పక్కకి లాగేసింది. మళ్ళీ విప్పాను. పెద్దవాళ్ళ కోట్లు విప్పి కుట్టే చెయ్యి నాది, జానెడు గుడ్డ నన్ను ఏడిపిస్తోంది. నాలుగోసారి విప్పేటప్పుడు సూది వేలికి దిగింది. గుడ్డ నేలకేసి కొట్టాను.

చివరికి విసుగెత్తి, ఉన్న తప్పుతోనే, కుడి చెయ్యి పొడుగ్గానే ఉంచి కుట్టాను. అరగంటలో అయిపోయింది. ఎక్కడా ముడత లేదు, లాగుడు లేదు. సంతోషం రాకపోగా ఇంకా చిరాకేసింది. తప్పు కొలతకి ఇంత సరిగ్గా ఎలా కుదిరింది?

పాత గౌను ఒకటి దీపం కిందకి లాగి, దారం చూశాను. సన్నటి నైలాన్ దారమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒక కుట్టు విప్పితే ఆ పోగు చుట్టుకుపోయింది. ఏ దారమో తెలియకపోతే మేం కొస కాల్చి చూస్తాం. నూలైతే కాగితం కాలిన వాసన. నైలానైతే ప్లాస్టిక్ వాసన. అగ్గిపుల్ల గీసి కొసకి అంటించాను.

వెంట్రుక కాలిన వాసన వచ్చింది.

ఏడూ వరసగా పరిచాను. మొదటి గౌను కుట్లు నల్లగా ఉన్నాయి. నాలుగోదానికి మధ్యమధ్య తెల్లపోగులు. ఏడోదానికి... అన్నీ తెలుపే.

అప్పుడే కరెంటు పోయింది. కుట్టిన గౌను మిషను మీదే వదిలేసి, పాతది ఒకటి పట్టుకుని పైకి వెళ్ళాను.

పై గదిలో కిటికీ వెలుతురు బూడిదరంగులో ఉంది. పాప నిద్రపోతోంది. అమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతోంది. గౌను ఆవిడ ఒళ్ళో పెట్టి, ఎవరి జుట్టు ఇది అని అడిగాను. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి తీసుకుంది.

మెల్లగా అంది. "అవి నేను కుట్టలేదే."

నాన్న చెల్లెలు పంపిస్తోందని అమ్మ అనుకుందట. ఆవిడేమో అమ్మే కుడుతోందనుకుని మెచ్చుకుందట. ఇద్దరికీ తెలిసేసరికి రెండు గౌన్లు వచ్చాయి. ఆ లోపల మేం రెండిళ్ళు మారాం. ఏ ఇంటికి మారినా కిటికీ గట్టు మీద పొట్లం ఉండేది. తలుపులు వేసినవి వేసినట్టే ఉండేవి.

"మరి బొమ్మకి సరిపోయేలా ఎలా కుట్టారు?" అన్నాను.

"బొమ్మ ముందు రాలేదు. రెండు గౌన్లు వచ్చాక, ఇవి ఎవరికని నువ్వు అడగడం మొదలుపెట్టావు. నీకేం చెప్పాలో తెలియక మీ నాన్న ఆ గౌన్లు జేబులో పెట్టుకుని కొట్లన్నీ తిరిగి, వాటికి పట్టే బొమ్మని కొనుక్కొచ్చాడు."

గడప దగ్గర చప్పుడైతే చూశాను. చెల్లి నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

అమ్మ గొంతు ఇంకా తగ్గించింది. పదకొండో ఏట నేనే నా బొమ్మకి గౌను కుట్టుకున్నానట, రెండు చేతులూ సమానంగా. నాకు గుర్తే లేదు. దాన్ని కిటికీ గట్టు మీద పెడితే ముక్కలు ముక్కలుగా విప్పి కనిపించిందట. నేను చూడకముందే అమ్మ ఏరి పారేసింది. ఆ తర్వాత పొట్లాలు రాలేదు. కొలతలు అడిగితే తప్పించుకున్నది అందుకే. "ఆ కొలత ఎవరిదో నాకు తెలియదు. నువ్వు ఆ కొలతకి మాత్రం కుట్టకమ్మా," అంది.

ఈ ముక్క మూడు రోజుల ముందు చెప్పి ఉంటే ఏం పోయేదని అరవాలనిపించింది. పాప నిద్రలో కదిలింది. మింగేశాను.

టార్చి తీసుకుని నేనూ చెల్లీ కిందకి దిగాం. అన్నీ మూటగట్టి అవతల పారేద్దామని నా ఉద్దేశం. దుకాణంలో కాలిన వాసన ఇంకా పోలేదు. షట్టర్ వేసినట్టే ఉంది. బయట వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చెల్లి బల్ల మీది గౌన్లు ఒక్కొక్కటే టార్చి ముందు పెట్టి చూస్తోంది. చిన్నప్పుడు వాటిని నేను ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ఇంత దగ్గరగా చూడడం దానికి ఇదే మొదలు.

"అక్కా... ఇవి వాడినవి," అంది.

నేనే ఆడుకున్నాను కదా, వాడినట్టు ఉండవా అని విసుక్కున్నాను.

"నీ బొమ్మ చేతులు కర్రల్లా ఉండేవి. వంగవు. చూడు, మోచెయ్యి దగ్గర గుడ్డ అరిగిపోయింది." ఎడమ చెయ్యి చూపించింది. తర్వాత కుడి చెయ్యి వెలుతురులో సాగదీసింది. అక్కడా అరుగుదల ఉంది. దానికి కొంచెం కింద... ఇంకోటి.

ఇంకో గౌను తీసింది. ఎడమకి ఒక చోట. కుడికి రెండు చోట్ల. ఇంకోటి. అలాగే ఉంది.

పాత గుడ్డ, మడిచి పెట్టిన చోటల్లా అరుగుతుందని గట్టిగానే అన్నాను. నా మాట నాకే నమ్మకం కలగలేదు. కావాలంటే ఈ రోజు కుట్టింది చూడు, గీత కూడా ఉండదు అంటూ మిషను మీది కొత్త గౌను అందుకున్నాను. అది కుట్టి గంట కూడా కాలేదు.

కుడి చేతికి రెండు మడతలు పడి ఉన్నాయి.

చెల్లి నా మణికట్టు పట్టుకుంది. నేను వేలితో గౌను మెడ లోపల తాకాను.

వెచ్చగా ఉంది... చెమటతో తడిసి ఉంది.