ఓడ వెంట వచ్చిన పిట్టలు

"నెమలి ఇంకా మనవైపే ఉందో లేదో తేల్చు. లేదని తేలితే బేడీలు నువ్వే వెయ్యాలి," ఏజెంట్‌తో అన్నాడు గూఢచారి శాఖ చీఫ్.

నెమలి డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాలో వాళ్ల మనిషిలా తిరుగుతూ వాళ్ల రహస్యాలు మనకు చేరవేసే అందగత్తె. మన ఏజెంట్ ఆమెను మూడేళ్లుగా మనసులోనే ప్రేమిస్తున్నాడు. ఈ సంగతి ఆమెకు తప్ప ఆఫీసులో అందరికీ తెలుసని అతని నమ్మకం.

చీఫ్ మ్యాప్ పరిచి మిషన్ వివరించాడు. సముద్రంలో అరవై గాలిమరలు నిలబెట్టాలి. ఎక్కడ నిలబెట్టాలో సర్వే ఓడ సముద్రపు అడుగునేలను తవ్వి చెబుతుంది. సర్వే ఆఖరి శుక్రవారం పగలు సరిగ్గా పన్నెండింటికి ఓడ నుంచి ఫైనల్ రిపోర్టు వెళుతుంది. నెమలి ఆ ఓడలోనే ఉంది, కానీ అందులో దూరిన ముఠా మనిషి ఎవరో తెలియదు. వాడు ఆ రిపోర్టును మధ్యలోనే మార్చి, బురదను గట్టి నేలగా చూపించబోతున్నాడు. అదే జరిగితే ఆ మరలు పనిచేసేవాళ్లతో సహా కూలిపోతాయి.

మొదట ఏజెంట్‌ను మరల వల్ల పిట్టలకు ముప్పుందేమోనని వాటిని లెక్కపెట్టే పక్షుల సర్వేయర్ వేషంలో పంపుదామని రెండు వారాలు ట్రైనింగ్ ఇచ్చారు. తీరా చూస్తే ఆ పోస్టులో ఇంకెవడో చేరిపోయాడు. దాంతో ఇతగాడికి సముద్రపు అడుగునుంచి తీసిన మట్టి నింపే గొట్టాలకు లేబుళ్లు అంటించే పని దక్కింది. ఓడలో అందరూ బురదయ్య అని పిలవసాగారు.

ఆ సర్వేయర్‌ను మాత్రం పిట్టలదొర అనేవారు. ఆరడుగుల మనిషి, మెడలో పెద్ద బైనాక్యులర్స్. రోజంతా డెక్ మీద పిట్టల్ని లెక్కపెట్టేవాడు. పక్కనే వాతావరణ నిపుణురాలి వేషంలో నెమలి. వాడు ఏమన్నా పడీ పడీ నవ్వేది. బురదయ్య కింద ల్యాబ్‌లో మోచేతులదాకా బురదతో, కిటికీలోంచి చూస్తూ కుళ్లి చచ్చేవాడు. నవ్వడం డ్యూటీయే కావచ్చు, అంత బాగా నవ్వాలా? పైకెళ్లి ఒక్క మాట కలపమంటే మాత్రం అతనికి ధైర్యం చాలలేదు.

మూడు వారాలు ఓర్చుకున్నాడు. ఆ ఆఖరి శుక్రవారం పదకొండున్నరకు, పిట్టలదొర టీకి వెళ్లడం చూసి, వాడి నోట్‌బుక్ ఎత్తుకొచ్చాడు. వెతికింది ప్రేమలేఖ కోసం. కనిపించింది లెక్క: 'ఓడ వెనక తెల్లపిట్టలు, నాలుగు వందల పన్నెండు.' ముందు పేజీల నిండా అలాంటి లెక్కలే.

ట్రైనింగ్ మొదటిరోజు తనూ ఇలాగే రాసి మేష్టారితో చివాట్లు తిన్నాడు. తిండి కోసం ఓడ వెంటపడే పిట్టల్ని లెక్కలో వెయ్యకూడదు. వచ్చిన పిట్టే మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఈ పని చేసేవాళ్లకు అది ఓనమాలతో సమానం. వీడు సర్వేయర్ కానే కాదు.

చేతిలోని మట్టి గొట్టంతోనే వాడి కోసం ఓడంతా గాలించి డెక్ మీదికి పరిగెత్తాడు. టైము పదకొండు యాభై తొమ్మిది. పిట్టలు ఓడ వెనక ఎగురుతున్నాయి. పిట్టలదొర బైనాక్యులర్స్ మాత్రం ఓడ యాంటెన్నా వైపు గురిపెట్టి ఉన్నాయి, వాడి వేలు వాటి పక్కనున్న బటన్ మీద ఉంది. నెమలి వాడి భుజానికి ఆనుకుని నిలబడింది. ఇక బేడీలు ఆమెకే వెయ్యాలనుకున్నాడు బురదయ్య.

దగ్గరికి వెళితే ఆమె చేతిలో చిన్న పిస్తోలు కనిపించింది. అది వాడి పక్కటెముకలకు ఆని ఉంది.

"కాలిస్తే వేలు బిగుసుకుంటుంది, రిపోర్టు మార్చే బటన్ నొక్కుకుంటుంది," అంది నెమలి తల తిప్పకుండా. "నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

బురదయ్య మూడు వారాల కసి అంతా కూడగట్టి గొట్టంతో వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. బైనాక్యులర్స్ మెడ తాడు తెగి సముద్రంలో పడ్డాయి. రెండు సెకన్ల తర్వాత రిపోర్టు ఉన్నదున్నట్టు వెళ్లిపోయింది. బేడీలు పిట్టలదొర చేతులకు పడ్డాయి.

"అనుమానమొచ్చి వీణ్ణి కనిపెట్టుకుని ఉండటానికి నవ్వి నవ్వి దవడలు పడిపోయాయి," అంది నెమలి. "నువ్వు ఒక్కసారి పైకొచ్చి పలకరిస్తే ఏం పోయేది? మూడేళ్లుగా చూస్తున్నాను."

బురదయ్య చేతుల బురద వంక చూసుకున్నాడు.

మిషన్ ఫారంలో 'అనుమానం ఎలా కలిగింది?' అన్న చోట 'వృత్తిపరమైన అప్రమత్తత' అని రాశాడు. సాక్షి సంతకం పెట్టాల్సిన నెమలి దాన్ని కొట్టేసి 'కడుపుమంట' అని దిద్దింది. చీఫ్ ఆ దిద్దుబాటును అలాగే ఉంచి, వచ్చే బ్యాచ్ ట్రైనింగ్ సిలబస్‌లో చేర్పించాడు.