ఊక కూరిన నీళ్ళపెట్టె

"ఎండకు నీళ్ళు కాగుతయని మాకు జెప్పనొచ్చినవా? నా చిన్నప్పుడు మా అమ్మమ్మ నాకు ఎండల కాగిన నీళ్ళే పోసింది!"

కాటమ్మ కోపం సూర్యాపేట దారిన పోయే బండ్లవాళ్ళకు కూడా వినిపించింది. రజాకార్ల పీడ వదిలిన మొదటి వేసవి అది. ఆమె ఎదురుగా మిర్యాలగూడ మిల్లులో రేకుల పని చేసే జానయ్య, అతని పక్కన నల్లరంగు పూసి పైన అద్దం బిగించిన రేకుపెట్టె. కాటమ్మ తండ్రి పర్వతాలే దాన్ని చేయించాడు.

"గంగాళంల నీళ్ళు పొద్దుగూకక ముందే సల్లారుతయి. నా పెట్టెల సల్లారవు," అన్నాడు జానయ్య నవ్వుతూ.

ఆ నవ్వుకు కాటమ్మకు ఒళ్ళు మండింది.

సాయంత్రం బర్రెలు పిండాక పాలకుండలు కడగడానికి వేడినీళ్ళు కావాలి. అందుకోసం రోజూ పిడకలు కాల్చాలి. పేడంతా పొయ్యికే పోతే రెండెకరాల చెల్కకు ఎరువేది? ఈ యేడైనా పేడ చెల్కకు చేర్చాలని ఆమె పట్టుదల.

పొద్దుగూకింది. పెట్టెలో చెయ్యి పెట్టి చూస్తే నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు.

"నీ పెట్టెకన్న మా గంగాళమే నయం!"

జానయ్య ముఖం మాడిపోయింది. వారం తర్వాత పెద్ద అద్దం తెచ్చి బిగించాడు. మళ్ళీ అదే కథ. ఇక కాటమ్మ ఆగలేదు. కొంగు బిగించి, దూడల కింద పరిచే ఊక గంపను లాక్కొచ్చింది.

"పైన అద్దం మారిస్తె ఏమొస్తది? వేడి కిందికెల్లి, పక్కలకెల్లి పోతున్నది. కోడిని పొదగేసినప్పుడు గంపల ఊక ఎందుకు పోస్తరు? గింత గూడ తెల్వదా?"

రేకుపెట్టెను ఒక పాత చెక్కపెట్టెలోకి దించి, కిందా చుట్టూ ఊక కూరింది.

మర్నాడు సాయంత్రం నీళ్ళలో పెట్టిన జానయ్య చెయ్యి చురుక్కుమంది. వేళ్ళు ఊదుకుంటూ ఆమె వైపు చూసి, చూపు తిప్పుకోవడం మరిచిపోయాడు.

"కుండలు కడుగు!" అని కసిరింది కాటమ్మ. కసిరింది గానీ, ఆ చూపు ఆమెకు నచ్చింది.

నెల తిరగకముందే జానయ్య కోదాడ సంతలో ఐదు ఊకపెట్టెలు అమ్మాడని తెలిసింది. అంతా తానే కనిపెట్టానని చెప్పుకున్నాడనీ తెలిసింది. కాటమ్మ కడుపు రగిలిపోయింది. నచ్చినవాడు చేసిన మోసం కదా, రెండింతలు రగిలింది.

కొత్త ధోవతి కట్టుకుని సంబంధం అడగవచ్చిన జానయ్యను గుమ్మం బయటే నిలబెట్టింది.

"ఊక ఎవరి ఆలోచన?"

"నీదే. ఆడపిల్ల చేసిందంటె ఎవరు కొంటరని..."

"మరి గా ఆడపిల్ల నీకెందుకు? పో! కొన్నోళ్ళందరికి నా పేరు జెప్పినంకనే రా!"

"బిడ్డా, జర..." అన్నాడు పర్వతాలు.

"నువ్వు మాట్లాడకు నాయినా!"

నాలుగో రోజు జానయ్య బండి మళ్ళీ వచ్చింది. బండి మీద మూడు పెట్టెలు. మనిషి దుమ్ము కొట్టుకుపోయాడు. గొంతు బొంగురుపోయింది.

"ఐదిండ్లు తిరిగి చెప్పిన. సంతల నిలవడి గూడ చెప్పిన, కాటమ్మ చేసిందని. ముగ్గురు వాపస్ ఇచ్చిండ్రు. ఆడదాని తెలివి మాకొద్దన్నరు."

కాటమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. ఈసారి కోపం జానయ్య మీద కాదు.

"వాళ్ళ పేర్లు జెప్పు!"

"ఎందుకు?"

"మన పెండ్లికి ఆ ముగ్గురిని పిలిచేది లేదు!"

జానయ్య చేతిలోని పగ్గాలు జారిపోయాయి. "మన పెండ్లా?"

"మరెవరిది? ముందు ఆ పెట్టెలు దించు, బర్రెలు పిండే యాళ్ళయింది!"