తల తుంచనక్కర్లేని కంది

రెండువేల తొంభై ఒకటి నాటికి తాండూరు నల్లరేగళ్లలో పొలానికి వెళ్లడమనే మాటే అరుదైపోయింది. విత్తడం డ్రోన్ల పని. తడి చూసుకోవడం నేలలో పాతిన సెన్సర్ల పని. మిగిలిన ఒక్క పనినీ పంటల శాస్త్రవేత్త డాక్టర్ అఫ్రీన్ తీసేసింది.

కంది మొక్క కొనచిగురు తన కింది మొగ్గల్ని ఎదగనివ్వదు. దీన్నే అగ్రాధిక్యత అంటారు. అందుకే రైతులు యాభయ్యో రోజున చేనంతా తిరిగి తలలు తుంచేవాళ్లు. అప్పుడు పక్కకొమ్మలు వచ్చి కాపు పెరిగేది. కొమ్మల్ని ఆపి ఉంచే జన్యువుకు అఫ్రీన్ 'కొమ్మతాళం' అని పేరు పెట్టి, జీన్ ఎడిటింగుతో దాన్ని సవరించింది. యాభయ్యో రోజున ఆ తాళం తనంతట తానే ఊడుతుంది, మొక్క గుబురుగా కొమ్మలేస్తుంది. ఆ వంగడమే శాఖిని.

పరిశోధన క్షేత్రంలో దిగుబడి ఒకటిన్నర రెట్లయింది. రైతుల చేలల్లో మాత్రం మూడో ఏటికి పాత రకం కన్నా తగ్గింది. అఫ్రీన్ జన్యువును ఎన్నిసార్లు పరీక్షించినా లోపం కనబడలేదు. చివరికి ప్రయోగశాలలోని మాట్లాడే కృత్రిమ మేధ 'ధాన్య'ను అడిగింది.

"జన్యువు బాగానే ఉంది. చేలో మనిషే లేడు," అంది ధాన్య. "తల తుంచినవాళ్లు కొమ్మలొచ్చాయో లేదో చూడటానికి మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లు. పూత చాటున పురుగు గుడ్లు వాళ్ల కంటపడేవి. పైన ఎగిరే డ్రోనుకు అవి కనబడవు."

అఫ్రీన్ వారం రోజులు ఆలోచించింది. తుంచినా శాఖినికి నష్టం లేదని తేల్చుకుంది. తర్వాతి ఏడు అదే విత్తనాన్ని శాఖిని-2 అని పంపింది. సంచి మీద ఒక్క వాక్యం చేర్చింది: యాభయ్యో రోజున తలలు తుంచాలి.

ఆ ఏడు కంది విరగకాసింది. అబద్ధం మాత్రం ఆమెను స్థిమితంగా ఉండనివ్వలేదు. బషీరాబాద్ దగ్గర బాలమణి అనే రైతు అందరికన్నా ఎక్కువ పండిస్తోందని విని, ముందు ఆమెకే నిజం చెప్పాలని వెళ్లింది.

బాలమణి ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి ఉడకబెట్టిన కందికాయలు పెట్టింది. అఫ్రీన్ తడబడుతూనే అంతా చెప్పింది. బాలమణి కాయ ఒలుచుకుంటూ విన్నది.

"నాకెరుకనే మేడమ్. మోకాళ్లు నొస్తున్నయని రెండు సాళ్లు తుంచకుండ ఇడిసిపెట్టిన. అవి గూడ గట్లనే కొమ్మలేసినయ్."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తె ఎవ్వరు చేనుకు రారు. ఇప్పుడు పొద్దుగాల వస్తే నలుగురు కనబడుతున్నరు, మాట ముచ్చట నడుస్తున్నది. మీరు గూడ చెప్పకుండ్రి."

తిరుగు దారిలో మరో ముగ్గురు రైతులు, ఒకరి తర్వాత ఒకరు, అఫ్రీన్‌ను ఆపి అటూ ఇటూ చూసి అదే రహస్యం చెప్పారు. ఊళ్లో అది తమకొక్కరికే తెలుసని ఎవరికి వారి నమ్మకం. మొదటి ఇద్దరి దగ్గర ఆమె ఆశ్చర్యపోయినట్టు తలూపింది. మూడోవాడి దగ్గర నవ్వు ఆగలేదు.

మరుసటి ఏటి సంచుల మీద ఆ వాక్యం అలాగే ఉంచమని ధాన్యకు చెప్పింది.