నీళ్ళు తాగిన గార్నెట్లు

మెట్లు... మెట్లు... ఇంకా మెట్లు!

నాలుగో అంతస్తు నుంచి రెండేసి మెట్లు దూకుతూ దిగుతోంది ఆమె. మధ్యాహ్నం రెండు గంటలు. కుడి పిడికిలిలో ఎర్రరాళ్ళ హారం. వెనక రెండు జతల బూట్లు.

"ఆగవే!"

ఆగాలట! ఆగడానికేనా షోకేస్ అద్దం పగలగొట్టింది?

ఆమె పాత నగలు బాగుచేసే మనిషి. ఇరవై ఏళ్ళుగా అదే పని. బజారంతా రాళ్ళక్క అంటారు. ఆ బజారులో సగం మందిని ఆమె అసలు మనుషుల్లోనే లెక్కెయ్యదు.

మూడో అంతస్తు... రెండు...

వెనక ఒక బూటు జారుతుంది. దబ్బుమని చప్పుడు. తర్వాత ఓ బూతు.

ఛీ! తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. వీళ్ళకి యూనిఫారాలొకటి!

బేస్‌మెంట్ తలుపుని భుజంతో నెట్టేస్తుంది. కార్ల వరసలు. పెట్రోల్ వాసన. హారానికి కట్టిన చీటీ కళ్ళబడుతుంది. 'రాణివాసపు రూబీ హారం'.

రూబీ అట!

గార్నెట్‌కీ కెంపుకీ తేడా తెలియని వెధవలు షోరూమ్‌లు పెడతారు. సూట్లేసుకుని ఊరేగుతారు. ఖర్మ!

"అక్కా! ఇటు!"

తమ్ముడు. కారు స్టార్ట్ చేసి పెట్టాడు. బెయిల్ మీదున్నాడు. పెద్దాయనని చంపాడని వాడి మీద కేసు.

పెద్దాయన అంటే ఆమెకి పని నేర్పిన గురువు. నెల క్రితం తన వర్క్‌షాప్‌లోనే తల పగిలి చచ్చి పడున్నాడు. ప్రాణంలా దాచుకున్న ఈ హారం మాయమైంది. ఆ సాయంత్రం తమ్ముడు అటుగా వెళ్ళడం ఎవరో చూశారట. అంతే... పట్టుకుపోయారు. హారం మాత్రం ఇవాళ ఈ షోరూమ్ అద్దాల్లో తేలింది. రేపు పదింటికి కోర్టు.

బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే వీడు హత్య చేశాడట! పోలీసుల తెలివి తెల్లారినట్టే ఉంది.

"హారం నాకిచ్చి ఎక్కక్కా! త్వరగా!"

"నా దగ్గరే ఉండనీరా. నీకిస్తే ఎక్కడో పారేస్తావ్."

తలుపు బద్దలైనట్టు తెరుచుకుంటుంది. గార్డు! చేతిలో పిస్టల్!

తమ్ముడు కారు వెనక నుంచి తిరిగొస్తాడు. వీల్ స్పానర్ గాల్లోకి లేస్తుంది.

ఠంగ్!

గార్డు కుప్పకూలతాడు. పిస్టల్ ఇప్పుడు తమ్ముడి చేతిలో.

ఆమె నోరు తెరుచుకుని చూస్తుంది. వీడేనా? వీడికింత చేవ ఎప్పుడొచ్చింది?

లిఫ్ట్ తెరుచుకుంటుంది. షోరూమ్ ఓనర్. ముందు సెంటు వాసన, తర్వాత మనిషి. పిస్టల్ చూసి చేతులెత్తేస్తాడు.

"వేసెయ్యనా అక్కా?"

"ఆగరా! వీడితో నాలుగు మాటలున్నాయి." ఆమె హారాన్ని ఓనర్ మొహం ముందు ఆడిస్తుంది. "ఓనర్ గారూ! ఇవేం రాళ్ళండీ?"

ఓనర్ చూపు పిస్టల్ మీదే. జవాబు కూడా ఆమే చెప్తుంది.

"గార్నెట్లు! రెండొందల ఏళ్ళ పనితనం. కరెంటు లేని రోజులు. కొవ్వొత్తి వెలుగులో దానిమ్మ గింజల్లా మెరవాలని ప్రతి రాయి కిందా పలచటి రేకు పరిచి, వెనక మూసేశారు. వజ్రం అందరి మీదా అరుస్తుంది. ఇది అలా కాదు, దగ్గరికొచ్చిన వాళ్ళకే కనబడుతుంది. అందుకే పెద్దాయన దీన్ని చూస్తూ అన్నం తినడం కూడా మర్చిపోయేవాడు. ఆయన పోయిన రోజు పొద్దున కూడా నా చేత్తో పట్టుకుని చూశాను. నిప్పుకణికల్లా ఉన్నాయి. ఇప్పుడు చూడు!"

రాళ్ళు నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉన్నాయి.

"నీళ్ళు తగిలితే లోపలి రేకు చస్తుంది. పనిలో చేరిన మొదటి రోజు చెప్పే పాఠం ఇది. దీన్ని కడిగినవాడు ఎందుకు కడిగాడు? పెద్దాయన నెత్తురు అంటింది కాబట్టి! వెనక మూత విప్పితే ఆ నెత్తురు ఇప్పటికీ దొరుకుతుంది. రేపు కోర్టులో విప్పిస్తా. నీ బతుకు బస్టాండే!"

"అక్కా, చాలు. మాటలెందుకు?" తమ్ముడు కారు తలుపు తెరుస్తాడు.

ఓనర్ నవ్వుతాడు!

"నేను దొంగసరుకు కొంటాను. ఒప్పుకుంటా. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఇదే వ్యాపారం. గార్నెట్లని నేను నీళ్ళలో పెడతానా?"

"రూబీ అని రాసుకున్న మొహానివి..."

"అది కొనే వెర్రివాళ్ళ కోసం. నాకు తెలియదనుకున్నావా? ఇది నా చేతికి వచ్చేటప్పటికే తడిసి ఉంది. టవల్లో చుట్టి తెచ్చాడు. నీళ్ళు కారుతున్నాయి. అప్పుడే తిట్టాను వాణ్ణి."

"ఎవణ్ణి?"

ఓనర్ గడ్డంతో చూపిస్తాడు.

ఆమె వెనక్కి తిరుగుతుంది.

తమ్ముడు చూపు తిప్పుకోడు.

"వాడు అబద్ధం చెప్తున్నాడని చెప్పరా."

ఆమె వాడి వైపు ఒక అడుగు వేస్తుంది.

"చెప్పరా!"

"ఒక్కసారి చేత్తో పట్టుకుని చూస్తానన్నానక్కా. అంతే అడిగాను. 'రాయి విలువ తెలియని చేతులురా నీవి' అన్నాడు. నవ్వాడు... అచ్చం నువ్వు నవ్వినట్టే! పక్కనే సుత్తి ఉంది. తర్వాత నెత్తురు ఎంత తుడిచినా పోలేదు. సబ్బునీళ్ళలో వేశాను."

వీడి కోసం ఊళ్ళో ప్రతి గడపా తొక్కింది! వీడి కోసం దొంగతనం చేసింది! చచ్చిన ముసలాయన మొహం కళ్ళ ముందు నిలబడుతుంది.

ఏడుపు రావాలి. కానీ ఇరవై ఏళ్ళుగా అలవాటైన నోరు. అదే ముందు లేస్తుంది.

"ఒరేయ్ దద్దమ్మా! గార్నెట్లని సబ్బునీళ్ళలో వేస్తావురా? ఆపాటి బుర్ర కూడా లేదట్రా నీకు?"

తమ్ముడి మొహంలో వణుకు ఆగిపోతుంది.

పిస్టల్ ఓనర్ మీంచి మెల్లగా జరుగుతుంది. ఆమె గుండెల దగ్గర ఆగుతుంది.

"మనిషిని చంపానని చెప్తుంటే... నీకూ రాళ్ళ గొడవేనా అక్కా?"

"తమ్ముడూ..."

ఢాం!