కెమెరా అంటే గది

"గడ్డం కొంచెం దించండి మేడమ్. ఫొటో దిగటానికి వచ్చారు, పోట్లాటకి కాదు."

చీరాలలోని ఆ చిన్న స్టూడియోలో సిలార్ ఆమెతో అన్న మొదటి మాట అది. కాలేజీ ఐడెంటిటీ కార్డు కోసం వచ్చిన బిందుమాధవికి ఒళ్ళు మండింది. ఇంగ్లీషు లెక్చరర్ కదా, ఊరుకుంటుందా?

"పొద్దస్తమానం పట్టుకు తిరుగుతారే, కెమెరా అంటే ఏమిటో తెలుసాండీ?"

"మీరు చెప్తే తెలుసుకుంటా. ఈలోగా ఆ గడ్డం..."

చెప్పింది. లాటిన్‌లో కెమెరా అంటే గది. ఇటలీలో నేటికీ హోటల్‌కి వెళ్ళి కెమెరా కావాలంటే గది తాళం చేతికిస్తారు. దాన్నే ఫ్రెంచివాళ్ళు షాంబ్ర్ అన్నారు, జర్మన్లు కామర్ అన్నారు, ఇంగ్లీషువాళ్ళు చాంబర్ అన్నారు. ఒకప్పుడు గదిని చీకటి చేసి, గోడకి సన్నని రంధ్రం పెడితే, బయటి మనుషులు లోపలి గోడమీద తలకిందులుగా కనపడేవారు. ఆ చీకటిగదే చిన్నదై చిన్నదై అతని చేతిలోకొచ్చింది.

సిలార్ నవ్వలేదు. చేతిలోని వస్తువును అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆ చూపు బిందుకి నచ్చింది. ఆ తర్వాత ఫొటోల అవసరం లేకుండానే స్టూడియోకి వస్తూ ఉండేది.

పెళ్ళిమాట ఇంట్లోనే కుదరలేదు. నాన్న చెంచురామయ్య మిరప రైతు, పార్టీ మనిషి. ఊరంతా కామ్రేడ్ అనే పిలుస్తుంది. ఎవరి మతాంతర వివాహానికైనా దండలు పట్టుకెళ్ళేది ఆయనే. అలాంటివాడు సిలార్ పేరెత్తగానే, "ఊళ్ళో పిల్లల సంగతి వేరు, నీ సంగతి వేరమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు. ఒంగోలు సంబంధం ఖాయం చేసే పనిలో పడ్డాడు.

ఇంతలో బాపయ్య పోయాడు. దళితవాడ నుంచి వచ్చిన కూలిసంఘం నాయకుడు, నాన్నకి ప్రాణం. సంతాపసభకి పెద్ద ఫొటో కావాలి. ఊళ్ళో బ్లాక్ అండ్ వైట్ ఇంకా కడిగేది సిలార్ ఒక్కడే. పాత నెగెటివ్ పట్టుకుని నాన్న రాక తప్పలేదు. కూతురు వెంట వచ్చింది.

"నా కళ్ళముందే కడుగు" అన్నాడు నాన్న, నమ్మకం లేనట్టు.

"సరేనండీ. చీకటిగది తలుపేశాక మధ్యలో తియ్యటానికి మాత్రం లేదు. వెలుగు తగిలితే బాపయ్యగారు పోతారు."

ఎర్రదీపం. మందునీళ్ళ ఘాటు. ముగ్గురికీ చాలీచాలని చోటు. ట్రేలో తెల్లకాగితం మీద ముందు మీసం తేలింది, తర్వాత కళ్ళు. నాన్న ట్రే మీదికి వంగాడు.

"నాన్నా, కామ్రేడ్ అన్న మాట కూడా గదిలోంచే పుట్టింది. స్పెయిన్‌లో ఒకే గదిలో పడుకునే సిపాయిలు ఒకరినొకరు కమరాదా అనుకునేవాళ్ళు."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడైతేనే వింటావు. లేచి వెళ్ళిపోవటానికి లేదుగా."

సిలార్ ట్రేని మెల్లగా ఊపుతున్నాడు.

"ఎమర్జెన్సీలో వీడూ నేనూ ఒక్క కొట్టంలో దాక్కున్నాం" అన్నాడు నాన్న, కాగితంలోని ముఖంతో చెబుతున్నట్టు. "ఒకటే దుప్పటి. బయట కుండపోత. మీ తాత కబురు పెట్టాడు, వాడి కంచంలో తిన్నోడివి నా గడప తొక్కొద్దని."

"నువ్వేం చేశావు?"

"తొక్కలేదు. ఆయన పోయినరోజే వెళ్ళా."

ఆ మాట తన నోటినుంచే తాను విని, ఆయన ఉలిక్కిపడ్డట్టు కూతురి వైపు తిరిగాడు. బిందు కళ్ళు దించుకోలేదు.

"ఏమయ్యా, మీ ఇంట్లో ఏమంటున్నారు?" అని సిలార్‌ని అడిగాడు నాన్న.

"మా అమ్మకి మీరంటేనే భయమండీ. సభల్లో బాగానే మాట్టాడతాడు, ఇంట్లో ఎట్టాంటోడో అంటంది."

"తెలివైన మనిషే" అన్నాడు నాన్న.

సిలార్ ఫొటోని చివరి నీళ్ళలోంచి తీసి తీగకి తగిలించాడు. "అయిపోయిందండీ. తలుపు తీస్తాను."

"ఉండవయ్యా" అన్నాడు నాన్న, గడియకి అడ్డంగా నిలబడి. "మీ అమ్మ దగ్గరికి నన్నెప్పుడు తీసుకెళ్తావో అది చెప్పి తియ్."